రెండో కుక్క

ఆ ఉదయం పథకం చాలా సాదాది. తొమ్మిదింటికి కుక్కను శిక్షణ కేంద్రంలో దించాలి, పదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. అతను ఆ మాటను పళ్లు తోముకుంటూ ఒకసారి, బూట్లు వేసుకుంటూ ఒకసారి, లిఫ్టు కోసం నిలబడి ఇంకోసారి మనసులో చెప్పుకున్నాడు. మూడుసార్లు చెప్పుకుంటే తప్ప అతనికి కాలు నిలవదు. చెప్పుకున్నాక కూడా నిలవదు.

పదకొండేళ్లుగా అతను నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటున్నాడు. అద్దంలోని గుండ్రటి కంతకు అవతల నుంచి జనం అరుస్తారు. ఇవతల నుంచి అతను "రాసుకున్నానండీ" అంటాడు. ఇన్నేళ్లలో అతను గొంతు పెంచిన సందర్భం ఒక్కటీ లేదు. ఇంట్లోనూ అంతే. ఇంట్లో గొంతున్నది దొర ఒక్కడికే.

దొర అంటే కుక్క. నిజానికి మామగారి కుక్క. ఆయన ముప్పయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, రిటైరయ్యాక దొరను పెంచుకున్నారు. ఈ మధ్య మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని, వేరే ఊళ్లో కొడుకు ఇంట్లో మంచాన పడ్డారు. అక్కడ కుక్కకు చోటు లేక దొర ఇక్కడికి వచ్చాడు. లిఫ్టు తలుపు తెరుచుకున్నా, పక్కింట్లో కుక్కర్ కూసినా, పైఅంతస్తులో ఎవరైనా తుమ్మినా మొరిగి, వారం తిరక్కుండానే సొసైటీ సెక్రటరీ నుంచి ఉత్తరం తెప్పించాడు. నెల రోజులు గడువు. ఆపైన మొరుగుడు వినిపిస్తే కుక్క భవనం వదిలి వెళ్లాలి.

"పంపక తప్పదు. కానీ నాన్నకి తెలియకూడదు," అంది భార్య. ఆవిడ కళ్లద్దాల షాపులో జనానికి చూపు పరీక్షిస్తుంది. "ఆయన్ని ఆరేళ్లప్పుడే హాస్టల్లో వేశారు. ఇప్పటికీ ఆ మాటెత్తితే భోజనం దగ్గర్నుంచి లేచిపోతారు. దొరని హాస్టల్లో వేశామని తెలిసిందంటే, ఆ కాలేసుకుని ఇక్కడికి వచ్చేస్తారు."

శిక్షణ కేంద్రంలో మెడలో ఈల వేసుకున్న ట్రైనర్ నియమాలు చెప్పాడు. "ముప్పై రోజులు ఇక్కడే ఉంటాడు సార్. మీరు చూడ్డానికి రాకూడదు. ఫోన్లో కూడా మీ వాళ్ల గొంతు వాడికి వినపడకూడదు. వినపడిందో, నేర్పిందంతా నీళ్లపాలే."

దొర వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. అది అతనికి కొంచెం గుచ్చుకుంది.

ఈ పథకంలో ఎవరికీ గుర్తురానిది ఒక్కటే. మామగారు రోజూ ఉదయం ఏడూ అయిదుకి ఫోన్ చేస్తారు. కూతురితో రెండు ముక్కలు మాట్లాడి, తర్వాత దొరతో మాట్లాడతారు. దొర తిరిగి మొరగాలి.

మొదటి రోజు నిద్రపోతున్నాడన్నారు. "ఏడింటికా? వాడు పుట్టాక ఏడింటికి పడుకోలేదు," అన్నారాయన. రెండో రోజు పాత వీడియో ఒకటి వెతికి, అందులోని మొరుగుడు వినిపించారు. గండం గడిచింది. మూడో రోజు మళ్లీ అదే వినిపించారు.

"అమ్మడూ, వీడు నిన్న మూడున్నర అరుపులు అరిచాడు. చివరిది సగంలో ఆగింది. ఇవాళా సగంలోనే ఆగింది. గొంతులో ఏదో అడ్డం పడింది, డాక్టర్‌కి చూపించండి," అన్నారు మామగారు.

అతను ఆఫీసు నుంచి ట్రైనర్‌కి ఫోన్ చేశాడు. "ఒక్కసారి... మా వాళ్లకి వినిపించేలా... మొరిగించగలరా?"

"సార్, అది మాన్పించడానికే కదా మీరు చేర్పించింది!"

నాలుగో రోజు భార్య ఫోన్‌ను అరచేత్తో మూసి, చార్టులో చివరి వరస చదవలేకపోయిన మనిషిని చూసినట్టు అతన్ని చూసింది. అవతల మామగారు "దొరా, దొరా" అంటున్నారు. ఆవిడ చెయ్యి తీసేసింది. అప్పుడేం జరిగిందో అతనికీ సరిగ్గా తెలియదు. గొంతులోంచి ఏదో వచ్చింది.

"భౌ."

అవతల మంచం కిర్రుమంది. తర్వాత మామగారు మెల్లగా అన్నారు, "బాగానే ఉన్నాడు. జలుబు చేసినట్టుంది, అంతే."

మర్నాటి నుంచి అదే పద్ధతయింది. బయటికి వినపడకూడదని అతను బాత్రూమ్‌లో తలుపు వేసుకుని, ఫోన్‌ను స్పీకర్లో పెట్టి వాష్‌బేసిన్ అంచున ఆనించి మొరిగేవాడు. బాత్రూమ్ కిటికీ గాలి కోసం కట్టిన సొరంగంలోకి తెరుచుకుంటుందనీ, ఆ సొరంగం నాలుగు అంతస్తుల బాత్రూములనూ కలుపుతుందనీ అతనికి తట్టలేదు.

మొదట్లో దొరలా మొరగాలని ప్రయత్నించాడు. రెండో వారానికి ఆ ప్రయత్నం మానేశాడు. ఊపిరి మొదలయ్యే చోటికి ఇంకా కింద పదకొండేళ్ల "రాసుకున్నానండీ"లన్నీ దొంతరగా పేర్చి ఉన్నట్టూ, ఒక్కో అరుపుకీ ఒక్కొక్కటి ఊడి పడుతున్నట్టూ అనిపించేది. తర్వాత సిగ్గు వేసేది. ఆ సిగ్గుతోనే స్నానం చేసేవాడు. అయినా ఆరున్నర నుంచే గడియారం చూడటం మొదలుపెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగేవాడు.

పైగా మామగారు మనసు విప్పసాగారు.

"ఒరేయ్ దొరా, మా అల్లుడు నిన్నెలా చూస్తున్నాడ్రా?"

"భౌ."

"మంచివాడేరా. కానీ నోట్లో నాలుక ఉందో లేదో తెలీదు. పెళ్లయి తొమ్మిదేళ్లు. నాతో 'బాగున్నారా', 'సరేనండీ' తప్ప మూడో మాట లేదు. నేనంటే భయమంటావా, గిట్టదంటావా?"

"భౌ భౌ!"

"ఏది? భయమా, గిట్టకా?"

దానికి తగిన అరుపు అతని దగ్గర లేదు.

పన్నెండో రోజు సెక్రటరీ తలుపు కొట్టాడు. పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. చేతిలో నోటుపుస్తకం.

"మొన్న ఏడూ ఏడుకి నాలుగుసార్లు. నిన్న ఏడూ ఆరుకి పదకొండుసార్లు, అందులో రెండు బాగా సాగదీసి. ఏమంటారు?"

"కుక్క ఇంట్లోనే లేదండీ," అంది భార్య. "ట్రైనింగ్‌కి పంపించాం. చేర్చుకున్నట్టు కాగితం కూడా ఉంది."

సెక్రటరీ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "అసలుదే. అంటే మీ కుక్క అక్కడుంది."

"అవునండీ."

"మరి ఇక్కడ మొరుగుతున్నదెవరు?"

ఒక్క వాక్యంతో అయిపోయేది. ఆ వాక్యం అతని పళ్ల దాకా వచ్చింది కూడా. సెక్రటరీ దాన్ని టైము వేసి నోటుపుస్తకంలో రాసుకోవడం కళ్లముందు కనిపించింది. అతని నోరు అలవాటుగా, "రాసుకున్నానండీ," అంది.

"మీరు రాసుకోవడం కాదు సార్, నేను రాసుకుంటున్నాను. రెండో కుక్క. ఫ్లాటుకి ఒక్క కుక్కే అని నియమం."

సాయంత్రానికి రెండో కుక్క భవనమంతా తిరిగింది. "పెద్ద జాతిదండీ," అని కింది ఫ్లాటు ఆవిడ లిఫ్టులో అందరికీ చెప్పింది. "పొద్దున్నే ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతుంటే మా సీలింగు అదురుతుంది. దూడంత ఉంటుంది." మర్నాడు నోటీసు వచ్చింది: ముప్పయ్యో రోజున తనిఖీ, రెండో కుక్క దొరికితే రెండూ వెళ్లాలి. అతను దాన్ని కౌంటర్లో కూర్చుని చదివాడు. తేదీ, సమయం, విషయం అన్నీ ఉన్నాయి. పదకొండేళ్లలో అంత శుభ్రమైన ఫిర్యాదు అతని చేతికి రాలేదు.

"ఇవాళైనా చెప్పేయండి," అంది భార్య.

"ఎవరికి? సెక్రటరీకా, మీ నాన్నకా?"

"ఎవరో ఒకరికి! పోనీ మొరగడం మానేయండి."

ఒకరోజు మానేశాడు. మధ్యాహ్నం బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఇవాళ దొర పలకలేదట. నాన్న పొద్దుట్నుంచీ మందులు వేసుకోలేదు, గోడకి తిరిగి పడుకున్నారు." మర్నాడు అతను పదిహేడుసార్లు మొరిగాడు.

ముప్పయ్యో రోజు ఆరూ ముప్పావుకి ట్రైనర్ దొరను తీసుకొచ్చాడు. వెనకే సెక్రటరీ, ఆయన వెనక తలుపు దాటి రాకుండా కింది ఫ్లాటు ఆవిడ. సెక్రటరీ మంచాల కింద చూశాడు, బీరువా తెరిచాడు, వాషింగ్ మెషీన్లోకి తొంగిచూశాడు. "ఎక్కడ దాచారు?"

"ఏమీ దాచలేదండీ," అన్నాడతను. అది నిజమే గనుక ఇంకా బెరుగ్గా అన్నాడు.

దొర చాప మీద బొమ్మలా కూర్చున్నాడు. "ఇప్పుడు ఏం చేసినా మొరగడు," అన్నాడు ట్రైనర్. "కావాలంటే తుమ్మండి సార్." సెక్రటరీ తుమ్మాడు. దొర కన్నార్పలేదు. సెక్రటరీ ముఖంలో మెప్పు లాంటిది కనిపించింది.

ఏడూ అయిదుకి ఫోన్ మోగింది. నెల రోజుల అలవాటు కొద్దీ భార్య వేలు స్పీకర్ నొక్కేసింది.

"దొరా! ఒరేయ్ దొరా!"

దొర చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్లంతా వణికింది. తోక చాపను ఊడ్చేస్తోంది. నోరు తెరవబోయి, ట్రైనర్ వైపు చూశాడు. ట్రైనర్ వేలెత్తాడు. దొర నోరు మూసుకున్నాడు.

"ఏరా, పలకవేం?" ఫోన్లో గొంతు జీరబోయింది. "అమ్మడూ, ఏమైందమ్మా? అంతా బాగానే ఉన్నారా?"

భార్య భర్త వైపు చూసింది. అతను దొర వైపు చూశాడు. దొర మొహంలో తెలిసిన మొహమే కనిపించింది. కౌంటర్ అద్దంలో రోజూ కనిపించేదే అది.

అతను నడి హాల్లో నిలబడి, కళ్లు మూసుకుని మొరిగాడు. మూడుసార్లు, గుండెనిండా.

సెక్రటరీ కలం గాల్లో ఆగిపోయింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అన్నారు మామగారు. "గొంతు బాగా విచ్చుకుంది, అల్లుడుగారూ."

అతను కళ్లు తెరిచాడు. "మామయ్యగారూ... మీకు తెలుసా?"

"ముప్పయ్యేళ్లు తీగల మీద గొంతులు విన్నవాణ్ణయ్యా. మొదటి అరుపుకే తెలిసింది. అమ్మడి గొంతులో ఏడుపు లేదు, అంటే దొర ఎక్కడో క్షేమంగానే ఉన్నాడనుకున్నా. ఎక్కడని అడిగితే మీరు చెప్పేస్తారు. చెప్పేస్తే మొరగడం మానేస్తారు. తొమ్మిదేళ్లలో మనం ఇంతసేపు మాట్లాడుకున్నది ఈ నెలే కదా." కొంచెం ఆగి అడిగారు, "వాణ్ణి హాస్టల్లో వేశారా?"

"వేశామండీ. తప్పే."

"బెత్తం ఉందా అక్కడ?"

"లేదండీ, బిస్కెట్లే," అన్నాడు ట్రైనర్.

"మా రోజుల్లో బిస్కెట్లు లేవు," అన్నారు మామగారు. అల్లుడు ఫోన్ దగ్గరికి వంగాడు. "భయమేనండీ," అన్నాడు చివరికి. "గిట్టకపోవడం కాదు."

ట్రైనర్ వేలు దించాడు. దొర వెళ్లి ఫోన్ నాకాడు.

సెక్రటరీ నోటుపుస్తకం మొదటి నుంచి తిరగేసి, "రెండో కుక్క" అన్నచోటల్లా కొట్టేశాడు. "నియమావళి కుక్కల గురించే చెబుతుంది," అన్నాడు కాస్త బాధగా. "దొర ఉండొచ్చు."

"మరి దూడంత ఉంటుందనుకున్నానే!" అంది కింది ఫ్లాటు ఆవిడ, అతన్ని కిందికీ పైకీ చూస్తూ.

తర్వాతి సర్వసభ్య సమావేశంలో నియమావళికి ఒక వాక్యం చేర్చి, లిఫ్టు పక్కన అంటించారు: నివాసులెవరూ ఉదయం ఎనిమిది గంటల లోపు మొరగరాదు.

మామగారు ఇప్పుడు ఎనిమిదీ అయిదుకి ఫోన్ చేస్తున్నారు.