మూడుసార్లు వెనుదిరిగిన మాలకొండయ్య

చిన్నదిబ్బ కుప్పంలో పదకొండేళ్లుగా ఒక్క నేరమూ నమోదు కాలేదు. ఇది ప్రజల ఆత్మనిగ్రహం వల్లనేనని అధికారులు తేల్చారు. ఆ నిగ్రహానికి నిలువెత్తు నిదర్శనంగా, చేపలు పట్టుకుని బతికే మాలకొండయ్యకు శాలువా కప్పాలని నిర్ణయించారు. సాక్ష్యం కూడా ఉంది. ఒకే మధ్యాహ్నం మూడుసార్లు అతను గోతమూ గునపమూ పట్టుకుని సొసైటీ షెడ్డు తలుపు దాకా రావడం, మూడుసార్లూ వెనుదిరగడం కెమెరాలో స్పష్టంగా కనిపించింది.

షెడ్డులో ఉన్నది బోటు ఇంజను. సాక్షాత్తూ మాలకొండయ్య పేరు మీదే మంజూరైంది. ఒక పెద్దాయన చేతుల మీదుగా ఇవ్వాలి గనక, రెండేళ్లుగా ఆ చేతుల తీరిక కోసం కాచుకుని ఉంది. ఈలోగా ఇతని పాత ఇంజను చచ్చింది, వేట ఆగింది, ఇంట్లో రెండోపూట పొయ్యి వెలగడం మానేసింది. తన వస్తువును తానే దొంగిలించుకోవడం ఏ నేరం కిందికి వస్తుందో చట్టం తెలిసినవారే చెప్పాలి.

ఊరు కునుకు తీసే వేళ చూసి వెళ్లాడు. తలుపుకు గునపం ఆనించాడో లేదో, అవతల ఎండుచేపలు తిరగేస్తున్న మేనత్త కామమ్మ కేకేసింది.

"యాడికి అల్లుడా, గోతం ఎత్తుకోని?"

అయిపోయింది! పని మీద పోయేవాణ్ణి ఎక్కడికని అడిగితే ఆ పని చెడుతుంది. ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, గుక్కెడు నీళ్లు తాగి, కాసేపు కూచుని మళ్లీ కదలాలి. మాలకొండయ్య దొంగతనానికి ఒడిగట్టాడు గానీ శకునం మీరేంత దుర్మార్గుడు కాడు. రెండోసారి బావమరిది చిన్నబాబు అడిగాడు, "యాడికి బావా?" అని. మూడోసారి భార్య వనజాక్షే వెతుక్కుంటూ వచ్చింది.

"యాడికయ్యా ఇంత ఎండలో? ఉన్న గంజి తాగి పో."

ఆ గంజి ముందు కూచున్నాక అతనికి ఏడుపొచ్చింది. ఇక లేవలేదు.

కెమెరాకు కళ్లే గాని చెవులు లేవు. శాలువా కప్పే సభలో ఆ పెద్దాయనే గొంతెత్తారు.

"ప్రలోభం పిలిచింది! ముమ్మారు పిలిచింది! మన మాలకొండయ్య ముమ్మారూ జయించాడు! ఇంజను లేకుండానే ఇంత ఎత్తుకు ఎదిగినవాడికి ఇంజనెందుకు?"

చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ మాలకొండయ్య కూడా కొట్టాడు.

సభ ముగిశాక, అంత విలువైన వస్తువు తాళం సరిగా పడని షెడ్డులో ఉండటం క్షేమం కాదని పెద్దాయన దాన్ని తన జీపెక్కించుకున్నారు. బరువు ఎక్కువైతే మాలకొండయ్యే శాలువా నడుముకు చుట్టుకుని ఓ చెయ్యి వేశాడు. ఊరంతా చూస్తూ నిలబడింది. "యాడికి సార్?" అన్న మాట అతని గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. పక్కన కామమ్మ నోరు తెరవబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"ఊరుకో అత్తా. పెద్దోళ్లు శుభమా అని పోతా ఉండారు. అట్టా అడగకూడదు."

జీపు నాయుడుపేట వైపు సాగిపోయింది. ఆ ఏడు కూడా చిన్నదిబ్బ కుప్పంలో నేరమేదీ నమోదు కాలేదు. మీ ఊళ్లోనూ అంతేనట గదా, సంతోషం.