మూడు ఆసులు బోర్లేసిన బాలకిషన్‌రావు

మంచి ముక్కలు వచ్చినోడు గెలుస్తడనేది చిన్నపిల్లల నమ్మకం. మంచి ముక్కలు వచ్చినంక సుత కింద వెయ్యగలిగినోడే ప్రమోషన్‌కు, బదిలీకి, కురవని ఇంటికి అర్హుడని మా బొగ్గుగనుల కాలనీ ఆఫీసర్ల క్లబ్బు ఎన్నడో తీర్మానించింది. (ఈ తీర్మానం రాతల లేదు. రాసిన నియమాలను మా దగ్గర ఎవరూ పాటించరు గనుక, జాగ్రత్త కోసం రాయలే.)

ఎనభై నాలుగు దీపావళికి క్లబ్బుల మూడు ముక్కలాట టోర్నమెంట్ పెట్టిన్రు. పైసలు నిషిద్ధం. పందేనికి తలా ఇన్ని చింతగింజలు, గెలిచినోళ్లకు షీల్డు. షీల్డు ఏటా జనరల్ మేనేజర్ సీతారాంరావు సారుకే వస్తది. సారు గింజలు ముందుకు నూకంగనే ఎదుటోళ్లు ముక్కలు కింద వేస్తరు. దాన్ని ఆటల ప్యాక్ అంటరు, ఆఫీసుల క్రమశిక్షణ అంటరు.

అసిస్టెంట్ ఇంజినీర్ బాలకిషన్‌రావు గా యేడు కొత్త క్వార్టర్‌కు దరఖాస్తు పెట్టుకున్నడు. ఉన్న క్వార్టర్ల వానొస్తె ఆయన భార్య మనోరమ బకెట్ తెచ్చి మంచం మీద పెట్టేది, ఇద్దరు కింద కూసునేది. కాలనీల ఖాళీగ ఉన్నది ఒక్కటే ఇల్లు. ఇచ్చేది సీతారాంరావు సారు.

క్లబ్బు సెక్రటరీ ప్రేమ్‌సాగర్‌రావు ఆయనను పక్కకు పిలిచి చెప్పిండు.

"చెడ్డ ముక్కలు ఎవడన్న పడేస్తడు బాలకిషన్. అండ్ల ఏం ఘనత ఉన్నది? మంచియి పడెయ్యాలె. మొఖంల బాధ కనవడద్దు. జర నవ్వాలె."

"గెలిచే ముక్కలొస్తే సార్?"

"గప్పుడు ఇంకా జల్ది పడెయ్యాలె."

ఆఖరి ఆటకు ముగ్గురే మిగిలిన్రు. ప్రేమ్‌సాగర్‌రావు తన ముక్కలను ముట్టుకోకుంటనే ప్యాక్ అన్నడు. బాలకిషన్‌రావు ఎత్తి చూసిండు. మూడు ఆసులు! పుట్టినసంది రాలే. అంతకు మించిన చెయ్యి ఆ ఆటల లేదు. ఆయన చెవులు ఎర్రవడ్డయి. అవతల ఆడోళ్ల కుర్చీలల్ల కూసున్న మనోరమకు ఆ చెవుల సంగతి ఎరుకే.

"ఏం బాలకిషన్, వస్తవా?" అని సారు గింజలన్నీ నూకిండు.

మనోరమ దిక్కు చూసిండు. ఆమె మెల్లగ తల అడ్డంగ ఊపింది.

"నాతోని కాదు సార్," అని ముక్కలు బోర్లేసి, నియమం ప్రకారం నవ్విండు.

సారు తన ముక్కలు తిప్పి చూపిచ్చిండు. రెండు, అయిదు, తొమ్మిది. ఒకదానికొకటి చుట్టరికం లేదు. హాలంత చప్పట్లు.

ఇంటికి పోయేటప్పుడు మనోరమ అడిగింది. "ఏమొచ్చినయ్?"

"మూడు ఆసులు."

"నాకన్న జర చూపియ్యకపోతిరి," అన్నది.

వారం తిరగకముందే క్వార్టర్ ప్రేమ్‌సాగర్‌రావుకు ఇచ్చిన్రు. బాలకిషన్‌రావు ధైర్యం చేసి సారు గదిలకు పోయిండు.

"సార్, ఆ రోజు నేను మూడు ఆసులు విడిచిన."

"నాకు తెలుసు. నీ చెవులు చూసిన," అన్నడు సారు ప్రేమగ. "కని ప్రేమ్‌సాగర్ ఏం విడిచిండో ఆయనకే తెల్వది. నువ్వు ముక్కలు చూసినవ్. చూసినవంటే, ఒక్క నిమిషమన్న ఆలోచించినవన్నట్టే గద?"

బాలకిషన్‌రావు ఇంటికి వచ్చి చెప్పిండు. మనోరమ టార్పాలిన్ కొన్నది.

మరుసటేడు క్లబ్బుల ఎవ్వరూ ముక్కలు చూడలే. ఆ పైయేడు పంచక ముందే అందరూ ప్యాక్ అని భోజనాల లైన్ల నిలవడ్డరు, బాలకిషన్‌రావు అందరికన్న ముందు. సీతారాంరావు సారు ఖాళీ బల్ల ముందు ఒక్కడే కూసొని షీల్డు గెలిచిండు. నిజానికి ఆయనకు ఆట అంటే పాణం. బాధపడి, ఈ ఆఫీసర్లల్ల పోటీతత్వం బొత్తిగ లేదని పైకి రాసిండు.

పైవాళ్లు వెంటనే స్పందించిన్రు. పోటీతత్వం నేర్పుటకు ఒక శిక్షణ తరగతి మంజూరైంది. బోధకునిగ ప్రేమ్‌సాగర్‌రావును నియమించిన్రు.