ఎరుపంటే ఆరోగ్యం

ఈ నెల ఇరవైలోగా, కొండ మీది కొన్ని ఊళ్లు కలిసిన మా టౌన్‌షిప్‌లో ఏ గర్భిణికీ రక్తపోటు ఉండబోదని అధ్యక్షులు చియావో గారు సోమవారం పొద్దున్నే మైకులో ప్రకటించారు. ఇరవయ్యో తారీఖున జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారు. రక్తపోటుకే గడువు పెట్టిన నాయకుణ్ని నేను మరొకరిని చూడలేదు. ఆ ప్రకటన రాసింది నేనే. టౌన్‌షిప్ ఆఫీసులో వార్తలు రాసే ఉద్యోగం నాది.

మా దగ్గర ప్రతి గర్భిణికీ ఒక పుస్తకం ఇస్తారు. అట్ట మీద ఆకుపచ్చ స్టిక్కరుంటే అంతా క్షేమం. ఎర్రదుంటే ప్రమాదం. ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్లో 'ఎరుపు' అని ఎక్కించగానే జిల్లా ఆసుపత్రి నుంచి అంబులెన్సు బయల్దేరుతుంది.

బుధవారం డాక్టర్ నింగ్ తలుపు తట్టకుండానే అధ్యక్షుల గదిలోకి వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆరోగ్య కేంద్రం నడుపుతున్నా ఆవిడకు ఆఫీసు మర్యాదలు ఇంకా అబ్బలేదు.

"పుట్టగొడుగుల షెడ్డు హైతావ్ లేడూ, వాడి భార్య సూయూన్‌కి ఎనిమిదో నెల. బీపీ పైన నూట అరవై ఎనిమిది, కింద నూట పన్నెండు. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. మాత్ర వేశాను, సూది ఇచ్చాను. ఇక్కడ ఇంతకన్నా చెయ్యలేను. ఎరుపు పెడుతున్నా."

"తనిఖీ ముందు ఎరుపా! మళ్లీ చూడమ్మా."

"నాలుగుసార్లు చూశాను."

"రెండో చేతికి?"

"దానికీ చూశాను. మూడోది లేదు."

"కాస్త ఆగి చూస్తే పోలా?"

"ఆగితే ఫిట్స్ వస్తాయి. తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. జిల్లా ఆసుపత్రి కొండదారిలో గంటన్నర. హైతావ్‌కున్నది మూడు చక్రాల బండి."

అధ్యక్షులవారు టీ గ్లాసు మూత తీసి, తేలుతున్న ఆకుల్ని ఊది, తాగకుండానే మూత పెట్టారు. ఆయనకు గొప్ప ఆలోచనలు వచ్చేది అప్పుడే.

"అసలు ఎరుపంటే ఏమిటి? పెళ్లికి ఎరుపు, పండక్కి ఎరుపు, బిడ్డ పుడితే పంచే గుడ్లకూ ఎరుపు. అంత మంచి రంగుని జబ్బుకి అంటగట్టిన దద్దమ్మ ఎవడు? ఈ క్షణం నుంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఎరుపు, జబ్బున్నవాళ్లకి ఆకుపచ్చ."

"ఈ సంగతి జిల్లా కంప్యూటర్‌కి ఎవరు చెబుతారు?"

"లేఖ పంపుతాం. రాయవయ్యా," అన్నారు నాతో. రాశాను. మా ఆఫీసులో లేఖకు ముద్ర పడడానికి తొమ్మిది రోజులు పడుతుంది.

డాక్టర్ నింగ్ తెల్లకాగితం ఒకటి ఆయన ముందుకు జరిపింది. "ఆ ఆజ్ఞేదో కాగితం మీద ఇప్పించండి," అంది. ఆయన మురిసిపోయి సంతకం పెట్టారు.

వార్తకు ఫొటో తీద్దామని ఆవిడ వెనకాలే వెళ్లాను. అరగంటలో అరవై మూడు మంది ఆరోగ్యవంతుల పేర్లకు ఎరుపు ఎక్కించేసింది. మిగిలింది సూయూన్. ఆ పిల్ల మొహం ఉబ్బి ఉంది. నాకు నిజంగా భయమేసింది. డాక్టర్ ఆకుపచ్చ స్టిక్కరు తీసి బల్ల మీద పెట్టిందో లేదో, హైతావ్ గయ్యిమన్నాడు.

"నా పెళ్లాం పుస్తకానికి ఆకుపచ్చా? ఊళ్లో ఎర్రది లేనిది మాకొక్కరికేనా? రేపటికల్లా నా నెత్తిన ఆకుపచ్చ టోపీ ఉందని నవ్వుతారు!"

మా వైపు ఆకుపచ్చ టోపీ అంటే, పెళ్లాం పరాయివాడితో తిరుగుతోందని అర్థం. ఊరికే ఇచ్చినా ఆ టోపీ ఎవడూ పెట్టుకోడు.

"తల పగిలిపోతోంది నాకు," అంది సూయూన్ కళ్లు మూసుకునే. "నీ టోపీ గోల తర్వాత ఏడువు."

"ఇంటాయన పరువు పోయే పని నేను చెయ్యలేను," అంది డాక్టర్ నింగ్ గంభీరంగా. "అలాగే వార్తలో రాసుకో తమ్ముడూ," అంది నాతో. అరవై నాలుగో ఎరుపు ఎక్కించింది.

ఆ మధ్యాహ్నం ఆరు అంబులెన్సులు, రెండు బస్సులు కొండెక్కి వచ్చాయి. డాక్టర్ సూయూన్‌ని మొదటి అంబులెన్సులోకి ఎక్కించి తనూ ఎక్కింది. మిగతావాళ్లు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ బస్సుల్లో కిటికీ సీట్లకు పోట్లాడుకున్నారు.

అధ్యక్షులవారికి చెమటలు పట్టాయి. అంతలో జిల్లా అధికారి ఫోను.

"ఒక్క రోజులో అరవై నాలుగు ప్రమాదం కేసులు పట్టారా! ఎలాగయ్యా?"

"అదంతా మా అప్రమత్తతండీ," అన్నారు అధ్యక్షులు, రెప్ప వెయ్యకుండా. నాయకుడంటే అలా ఉండాలి.

సూయూన్‌కి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. రెండు కిలోలు లేదు గానీ గట్టిగానే ఏడ్చింది. తల్లి క్షేమం. మిగతా అరవై మూడు మందీ ఒక్క రోజు చికిత్సతోనే పూర్తిగా కోలుకున్నారని జిల్లా ఆసుపత్రి పై వాళ్లకు నివేదిక పంపింది. కనిపెట్టినందుకు మాకూ, నయం చేసినందుకు వాళ్లకూ పతకాలొచ్చాయి.

ఇరవయ్యో తారీఖు తనిఖీ కాస్తా సన్మానమైంది. ఏం కావాలో కోరుకోమంటే డాక్టర్ నింగ్ కొత్త బీపీ మిషనూ, రెండు పెట్టెల మాత్రలూ అడిగింది.

"పాత మిషనే అరవై నాలుగు పట్టింది కదమ్మా," అని అధ్యక్షులు మైకు అందుకున్నారు. వచ్చే ఏడాది లక్ష్యం నూట ఇరవై ఎనిమిది ప్రమాదం కేసులని ప్రకటించారు.

"టౌన్‌షిప్‌లో గర్భిణులే అంతమంది లేరండీ," అంది డాక్టర్ నింగ్.

అధ్యక్షులవారు హాలంతా పరికించి చూశారు. ఆయన చూపు నా దగ్గర ఆగింది.

"నీకు పెళ్లై ఎన్నాళ్లయిందయ్యా?"

"నాలుగు నెలలండీ."

నేను అడగకుండానే నాకు వారం రోజులు సెలవిచ్చారు.