ఎల్లేశం పేనిన తాడు

ఆ శనివారం పొద్దున ఎల్లేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫస్టు షిఫ్టుకు వెళ్లేలోపు కూతురు సారలమ్మ లేస్తే, ఆమె పక్కన కాసేపు కూర్చోవాలి. పిల్ల కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. సెలవుల్లో వచ్చినా "తిన్నవా నాయినా", "తిన్న బిడ్డా" తప్ప ఇద్దరి మధ్యా మాటలు సాగడం లేదు. ఒకప్పుడు బడిలో ఎవరు ఎవరిని గిచ్చారో కూడా పూసగుచ్చినట్టు చెప్పేది. ఆ కబుర్ల కోసం ఎల్లేశం మొహం వాచి ఉన్నాడు.

ఈసారి జిల్లా సైన్సు ప్రదర్శన గోదావరిఖనిలో పెట్టారు కాబట్టి పిల్ల రెండు రోజులు ఇంటికొచ్చింది. ప్రదర్శన పది గంటలకు. దానికోసం ఒక తాడు తయారుచేస్తూ, దాని పక్కనే ఒరిగి నిద్రపోయింది. ఎల్లేశం కూతుర్ని లేపలేక, తాడును చూశాడు. చూడకుండా పోయి ఉంటే ఈ కథ లేదు.

ఎల్లేశం గనిలో రోపు స్ప్లైసర్. బొగ్గు టబ్బులను పైకి లాగే హాలర్ తాడు ఎక్కడ విచ్చుకున్నా, పేటలు కలిపి, అతుకు కనబడకుండా పేనడం ఆయన పని. విచ్చుకున్న తాడును అట్లాగే వదిలేసి నడిచిన రోజు ఇరవై ఏళ్లలో లేదు. ఇక్కడేమో ఎర్రపేట, పచ్చపేట సగందాకా చక్కగా మెలిపడి, అక్కడినుంచి చెరో దారి పట్టాయి. ఒకదాని పక్కన పొడుగాటి తెల్లపేట, ఇంకోదాని పక్కన తెల్లవే ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. పాపం, పిల్లకు నిద్ర ఆగలేదనుకున్నాడు. ఇనుప సూది తీసి, అరగంటలో ముక్కలన్నీ అతికి, అన్ని పేటలూ కలిపి చివరిదాకా పేనేశాడు. "లేచినంక జూసి సంబురపడ్తది" అని భార్య మల్లక్కతో చెప్పి డ్యూటీకి పోయాడు.

సారలమ్మ సంబరపడలేదు. ఏడున్నరకు లేచి నెత్తి పట్టుకుంది.

"అవ్వా, నాయిన నా డి.ఎన్.ఏ.ను మూసేసిండు."

"మంచిగనే ఉన్నది గదనే," అంది మల్లక్క.

"విచ్చుకున్నదే చూపియ్యాలె. విచ్చుకుంటెనే అది ఒకటి రెండయితది."

గోళ్లతో లాగింది, దబ్బనంతో పొడిచింది. పది టబ్బుల బొగ్గును ఆపే అతుకు ఆడపిల్ల గోళ్లకు లొంగుతుందా? పక్కింటి సైకిల్ మెకానిక్ కరీంను పిలిచింది. "కాకా, నాయిన పేనిన తాడు నాయిననే విప్పాలె. జర జల్ది తోల్కరా."

కరీం మాటలను పొదుపుగా వాడే మనిషి. గని గేటు దగ్గర లూనా ఆపి, "తాడు ఖరాబయింది, ఎల్లేశమన్నను జల్ది పంపున్రి" అన్నాడు. గేటు కాపలా సదయ్య టైం ఆఫీసుకు పోయి, "పెద్దతాడు ఖరాబయిందట" అన్నాడు. గుమాస్తా ఫోనెత్తి, "తాడు తెగేటట్టున్నది, హాలర్ బందువెట్టున్రి" అని లోపలికి చెప్పాడు. నోరు మారినప్పుడల్లా కబురుకు ఒక తోక మొలిచింది. మధ్యలో సరిచూసే నాథుడు లేడు.

హాలర్ ఆగింది. తాడు మీద అనుమానముంటే టబ్బు కదలకూడదన్నది నియమం. ఆ అనుమానం తీర్చాల్సిన మనిషి మళ్లీ ఎల్లేశమే. ఆయన దీపం వెలుగులో తాడును మూరమూరా తడుముకుంటూ, గని అడుగునుంచి ఏటవాలు దారి వెంట పైకి నడిచాడు. ఎక్కడా ఒక్క తీగ లేచి లేదు. గంటంబావు తర్వాత బయటపడితే, లూనాకు ఆనుకుని కరీం పాన్ నములుతున్నాడు.

"ఏ తాడు కరీమూ?"

"మీ ఇంట్ల తాడన్నా. పొద్దుగాల నువ్వు పేనినవట గదా. బిడ్డ పరేషాన్ అయితున్నది."

మేనేజరు పక్కనే ఉన్నాడు. ఆయనకు మాట వచ్చేలోపు ఎల్లేశం లూనా ఎక్కాడు.

ప్రదర్శన జరుగుతున్న కాలేజీలో ఇద్దరు న్యాయనిర్ణేతలు అప్పటికే సారలమ్మ బల్ల ముందున్నారు. ఆమె కళ్లలో నీళ్లు. బొగ్గు మొహంతో, బూట్లతో ఎల్లేశం వచ్చి నిలబడ్డాడు.

"తప్పయింది బిడ్డా. ఏడిదాక విప్పాలెనో చెప్పు."

సూది పెట్టి మెలి తీయసాగాడు. సారలమ్మ కళ్లు తుడుచుకుని ఆయన వేళ్లనే చూపించింది. "హెలికేజ్ అనే ఎంజైము ఇదే పని చేస్తది సార్. మెలి విప్పుకుంట పోతది. అప్పుడు పాత పేటలు రెండూ అచ్చులైతయి. అడినైన్‌కు ఎదురుంగ థైమిన్, గ్వానైన్‌కు ఎదురుంగ సైటోసిన్ పెట్టుకుంట పాలిమరేజ్ అనే ఇంకో ఎంజైము కొత్త పేట కడ్తది."

"మరి గీ దిక్కు ముక్కలెందుకు?" అన్నాడు ఎల్లేశం. న్యాయనిర్ణేతలు అడగబోయిందీ అదే.

"పాలిమరేజ్ ఒక్క దిక్కే నడుస్తది నాయినా. రెండో పేట ఎదురు దిక్కుది. అందుకే తాడు విచ్చుకున్నకొద్ది ముక్కలు ముక్కలుగ కట్టుకుంట వస్తది. వాటిని లైగేజ్ అనే ఎంజైము అతుకుతది."

"పొద్దుగాల నేను చేసింది గదే గదా?"

"గదే. కని జల్ది చేసినవు."

న్యాయనిర్ణేతలు నవ్వారు. ఎల్లేశం నవ్వలేదు. "రెండు తాళ్లయినంక పాతది యాడికి పోతది?"

"యాడికి పోదు. రెండిట్ల ఒక్కో పాత పేట ఉంటది."

పట్నం వెళ్లిన పిల్ల వచ్చిన ప్రతిసారీ పూర్తిగా కొత్తదైపోతోందని ఆయన లోలోపల కుమిలిపోతున్నాడు. ఆ మాట విని పాతదైన ఎర్రపేటను వేళ్లతో నిమిరాడు. న్యాయనిర్ణేతలు పక్క బల్లకు వెళ్లిపోయినా సారలమ్మ చెబుతూనే ఉంది, ఆయన అడుగుతూనే ఉన్నాడు. బహుమతి గోబర్ గ్యాస్‌కు వచ్చింది. వాళ్లిద్దరికీ ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

సోమవారం మెమో వచ్చింది. హాలర్ గంటంబావు ఎందుకు ఆగిందో సంజాయిషీ రాసివ్వాలి. ఎల్లేశంకు సంతకం తప్ప రాత రాదు. హాస్టల్‌కు కబురు వెళ్లింది. ఆదివారం సారలమ్మ వచ్చి, పొద్దంతా నాయనతో మాట్లాడుతూ నాలుగు పేజీలు రాసింది. చదవలేక చదివిన టైం ఆఫీసు రెండో మెమో పంపింది: హెలికేజ్, లైగేజ్ అనే ఇద్దరు కార్మికుల మస్టరు నంబర్లు వెంటనే తెలపాలి.

మరుసటి ఆదివారం సారలమ్మ మళ్లీ వచ్చి, మళ్లీ రాసింది. ఆ జవాబు ఇచ్చేసి ఎల్లేశం టైం ఆఫీసు ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత కిటికీలోంచి తొంగిచూసి, మూడో మెమో ఎప్పుడిస్తారని అడిగాడు.