కట్టేసిన కుర్చీలు

గురువారం పొద్దున జయలక్ష్మమ్మ అనుకున్నది చాలా చిన్న పని. పాలు పితికి కేంద్రానికి పోసి, నాలుగు బట్టలు ఉతికి, కొడుకు బండి మీద పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయి ఆవులకు తవుడు, వేరుశనగ చెక్క తెచ్చుకోవాలి. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. బట్టల దగ్గరే ఆ రోజు ఆగిపోయింది. బకెట్‌లోంచి కొడుకు చేతన్ నల్ల చొక్కా చేతికి వచ్చింది.

చొక్కా ముందువైపు పుర్రె, పుర్రె కళ్లలో మంట. వెనకవైపు వరుసగా ఊళ్ల పేర్లు, ఒక్కొక్క ఊరి ఎదుట ఒక తేదీ. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే చివరి వరుసలో కుప్పం అని తేలింది. దాని ఎదుట రాబోయే ఆదివారం తేదీ ఉంది. బొమ్మ కింద ఊరూ తేదీ అచ్చు వేస్తే అది కర్మాంతరం ఫ్లెక్సీయే అని ఆమె నమ్మకం. చొక్కాను నీళ్లలో వదిలేసి, తడి చేతులతోనే కొడుకును నిద్ర లేపింది.

చేతన్ ఓపికగానే చెప్పాడు. అది పాటల ప్రోగ్రాం. ముప్పై అయిదేళ్ల కిందట బంగారు గనుల దగ్గర కూలీల పిల్లలు నలుగురు గిటార్లు పట్టుకుని మొదలుపెట్టిన హెవీ మెటల్ బ్యాండు అది. గనులు మూతపడ్డాక చెదిరిపోయి, ఇప్పుడు మళ్లీ కలిశారు. పాడే చెంగల్రాయుడికి అరవై ఒకటి. కుప్పంలో కల్యాణ మండపం మాట్లాడింది, టికెట్లు అమ్మింది చేతనే. ఆ మాట అమ్మకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఆమె భయం పోగొడదామని ఫోన్లో వాళ్ల పాత వీడియో ఒకటి చూపించాడు. అదే అతను చేసిన తప్పు.

వీడియోలో కుర్రాళ్లు రెండు మందలుగా చీలి, మధ్యలో దారి వదిలి నిలబడ్డారు. పాట ఒక్కసారిగా లేవగానే ఎదురెదురుగా పరుగెత్తి ఢీకొన్నారు.

"యాల కొట్టుకుంటాండారు వీళ్లు?"

"కొట్టుకోవడం కాదుమా. పాటకు వొళ్లు ఆగదు, అంతే."

"పడితే?"

"పడితే పక్కనోళ్లు లేపుతారు. ఆడ అది రూలు."

"మీ మామను ఎవురు లేపినార్రా?" అంది జయలక్ష్మమ్మ.

చేతన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆమె తమ్ముడు ఉమాపతి ఇరవై రెండేళ్ల కిందట పశువుల పండగ చూడబోయి చనిపోయాడు. ఎద్దు అతని దరిదాపులకు కూడా రాలేదు. ఎద్దును చూసి జనం వెనక్కి తిరిగారు, అంతే. వాళ్లు పోయాక దుమ్ములో బోర్లా పడి ఉన్నాడు, ఒక కాలికి చెప్పు ఉంది. రెండోది ఎంత వెతికినా దొరకలేదు. ఆనాటి నుంచి ఆమె తిరునాళ్లకు పోలేదు. రేషన్ అంగడికి కూడా జనం పలచబడ్డాకే పోతుంది.

చేతన్‌కు ఇంకో భయం ఉంది. పోయిన నెల బెంగళూరులో ఈ బ్యాండు పాడితే, జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని గుంజల్లా నిలబడ్డారు. చెంగల్రాయుడు పాట మధ్యలో ఆపి, బతికే ఉన్నారా అని అడిగాడు. దాన్ని కూడా రికార్డు చేసుకున్నారు గాని ఎవరూ పలకలేదు. కుప్పంలోనూ ఇంతే అయితే ఇక మైకు పట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మా పక్క జనం అట్లాంటోళ్లు కాదు సార్ అని చేతన్ మాట ఇచ్చాడు.

కొడుకు బయటికి పోగానే జయలక్ష్మమ్మ కుప్పంలో ఉన్న అన్న యల్లప్పకు ఫోన్ చేసింది. యల్లప్పది షామియానా అంగడి.

"అన్నా, మన ఉమాపతికి అయినట్టే మళ్లీ అవతాది. ఈ తూరి నా కొడుకు," అంది.

యల్లప్ప ఆ పూట అన్నం ముట్టలేదు. ఆదివారం తొక్కిసలాట జరగవచ్చని మండపం యజమానికి చెప్పాడు. ఈ బ్యాండు పోయిన చోటల్లా తొక్కిసలాటేనట అని యజమాని పోలీసు స్టేషనులో చెప్పాడు. ఎంతమంది పోయారని స్టేషనులో అడిగారు. తెలియదంటే బాగుండదని ముగ్గురన్నాడు. శుక్రవారం సాయంత్రానికి ఆ ముగ్గురూ ఏడుగురై, అందులో ఒకరు వి.కోట వాళ్లని కూడా తేలింది.

శనివారం పర్మిషను షరతులతో వచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకానే. అందరూ కుర్చీల్లో కూర్చోవాలి. ఎవరూ లేవకూడదు. వాకిట్లో అంబులెన్సు ఉండాలి. కుర్చీలు యల్లప్పే నాలుగు వందలు తోలాడు. కుర్చీలు జరిపితే ఏం చేస్తావని చెల్లెలు అడిగిన మీదట, ఒక్కో వరుసను కాలికి కాలు కలిపి, ఆవుల్ని కట్టే పలుపులతో బిగించాడు.

ఆదివారం జయలక్ష్మమ్మ పలమనేరు మీదుగా బస్సులో కుప్పం చేరి, నేరుగా గంగమ్మ గుడికి పోయింది. కొడుకు ప్రాణంతో తిరిగొస్తే పొంగళ్లు పెడతానని మొక్కుకుంది. పసుపు నీళ్లలో వేపాకు వేసి సీసా నిండా పట్టుకుంది. కర్పూరం బిళ్లలు, అగ్గిపెట్టె కొంగున ముడి వేసుకుని, టిఫిన్ కారియరుతో మండపానికి పోయి ముందు వరుసలో కూర్చుంది.

లోపల కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. ఆమె కుర్రాళ్ల మంద కోసం చూస్తుంటే, తలుపులోంచి యాభై దాటిన మగవాళ్లు రాసాగారు. ముందు బట్టతల, వెనక పిలక. పొట్ట మీద పుర్రె సాగి నవ్వుతున్నట్టుంది. ఒకాయన మోకాలికి పట్టీ ఉంది. ఇంకొకాయన బీపీ బిళ్ల వేసుకోవడానికి నీళ్లు యాడ ఉండాయని ఆమెనే అడిగాడు. కోలారు నుంచి, మదనపల్లె నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మొదటి క్యాసెట్టు పాటలే కావాలి, అదే వరుసలో కావాలి, అప్పటిలాగే వొళ్లు విరిగిపోవాలి. అందరి కోరికా అదే. కుర్చీలు చూసి మోకాలి పట్టీ ఆయన, ఇదేమన్నా నామకరణమా అని గొణిగాడు. లాఠీ పట్టుకున్న కానిస్టేబులు అతని వైపు చూడగానే ఆయన కూర్చున్నాడు.

చేతన్ వచ్చి తాళ్లను చూశాడు. ముడి చూడగానే అది తమ ఇంటి ముడి అని తెలిసిపోయింది.

"నువ్వేనామా?"

"నేనే."

"పెద్దాయనకు మాట ఇచ్చినా. అది పోయింది."

"మాట పోతే పోనీ నాయినా. నువ్వు ఉండాల నాకు."

అతను పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మూడు పాటలు అయ్యాయి. చెవులు చిల్లులు పడే మోతకు, నాలుగు వందల మంది పంక్తి ఎప్పుడు లేస్తుందా అని చూసే పెళ్లివాళ్లలా కూర్చున్నారు. కొందరి మోకాళ్లు మాత్రం ఆడుతున్నాయి. చెంగల్రాయుడు ఆగి, జనాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు.

"ఇంకొక్కటి పాడతా. మీరు ఇండ్లకు పోండి. నేనూ పోతా," అన్నాడు మెల్లగా.

గోడ దగ్గర చేతన్ ముఖం కప్పుకున్నాడు. జయలక్ష్మమ్మ మాత్రం నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకుంది.

ఆ చివరి పాటలో ముసలాయన పొట్ట అడుగు నుంచి ఒక అరుపు తీశాడు. జుట్టు ముడి ఊడింది. తల గిరగిరా తిరిగింది, కళ్లు తేలిపోయాయి. జయలక్ష్మమ్మకు అర్థమైపోయింది. అమ్మ పూనింది. ఎవరికైనా అమ్మ పూనితే పక్కనున్నవాళ్లు ఏం కావాలో అడగాలి, హారతి ఇవ్వాలి, వేపాకు నీళ్లు పోసి శాంతింపజేయాలి. వదిలేస్తే ఆ మనిషి నరాలు తెగి పోతాడు. చిన్నప్పటి నుంచి ఆమెకు తెలిసింది అదే. అరవై ఒక్కేళ్ల మనిషి పోయేలా ఉంటే ఇంతమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఉమాపతిని కూడా ఇట్లాగే చూసి ఉంటారు.

ఆమె లేచింది. మెట్లెక్కి, కారియరు మూత మీద కర్పూరం వెలిగించి ఆయన ముఖం ముందు తిప్పింది. మైకు పక్కనే ఉండడంతో ఆమె గొంతు మండపమంతా మోగింది.

"ఏం కావాల తల్లీ, సెప్పమ్మా."

చెంగల్రాయుడు కళ్లు తెరిచాడు. ఆయనా గంగమ్మ జాతరల్లో పెరిగినవాడే. మంట వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, అదే గొంతుతో అన్నాడు:

"జనం కావాల. లేసిన జనం కావాల."

అమ్మ అడిగాక ఇవ్వకపోతే ఊరికే అరిష్టం. జయలక్ష్మమ్మ జనం వైపు తిరిగింది. "లేయండప్పా. ఆయమ్మ అడగతాంది, లేయండి," అని, సీసాలో నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించింది.

నీళ్లు జుట్టులోంచి కారి, పక్కనున్న స్పీకరు పెట్టెలోకి పోయాయి. ఢామ్మని ఒక చప్పుడు. లైట్లన్నీ ఆరిపోయాయి. కరెంటు అక్కరలేనిది డ్రమ్ములొక్కటే. వాయించేవాడు ఆపలేదు. కానిస్టేబులు కుప్పం మనిషి, కర్పూరం కనిపించినప్పుడే లాఠీ చంకలో పెట్టి దండం పెట్టుకున్నాడు. నాలుగు వందల మంది ఒక్కసారిగా లేచారు, తలలు ఊపుతూ వేదిక వైపు వచ్చారు. కుర్చీలు కూడా వరుసలకు వరుసలే వాళ్లతో వచ్చాయి.

కొడుకును వెతుక్కుంటూ కిందికి దిగిన జయలక్ష్మమ్మ కాలికి పలుపు తగులుకుంది. బోర్లా పడింది. చీకట్లో నేలంతా అదురుతోంది. మడమ దగ్గర ఏదో విరిగింది. ముక్కుకు దుమ్ము వాసన తగిలింది. తమ్ముడు చివరగా చూసింది ఇదేనన్నమాట అనుకుని కళ్లు మూసుకుంది.

"పడినారు, పడినారు," అని ఎవరో అరిచారు. పెద్ద పొట్ట మనిషి ఒకడు చేతులు చాచి, వస్తున్న జనానికి వీపు అడ్డం పెట్టాడు. ఇంకో నలుగురు చేతులు కలిపి చుట్టూ బావి గోడలా నిలబడ్డారు. ఎన్ని చేతులో ఆమెకు తెలియదు, రెండు ఊపిర్లలో పైకి వచ్చేసింది. ఎవరో ఎత్తుకుని వేదిక అంచున కూర్చోబెట్టారు. మోకాలి పట్టీ ఆయన ఫోను వెలుగులో కిందికి వంగి వెతికి, ఆయాసపడుతూ వచ్చాడు.

"మీ చెప్పుమా," అన్నాడు. "ఒకటి ఆడ పడిపోయింటే తెచ్చినా."

ఆమె ఆ చెప్పును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా డ్రమ్ముల మోతకు జనం ఎగురుతున్నారు, మధ్యలో చేతన్ ఎగురుతున్నాడు. మైకు లేకుండానే పాడుతున్న చెంగల్రాయుడు పాట అయ్యాక వచ్చి ఆమెకు దండం పెట్టాడు. ముప్పై ఏళ్లలో ఇట్లాంటి జనాన్ని చూడలేదని, పైనెల వి.కోటలో పాడతానని, ఆమె తప్పక రావాలని చెప్పాడు. కరెంటు పనివాడు మాత్రం, నీళ్లు ఇంకో జానెడు ఇటు పోయుంటే ఇద్దరూ ఉండేవాళ్లు కాదని చెప్పి పోయాడు.

అంబులెన్సులో పడుకోబెట్టాక చేతన్ ఆమె పక్కన కూర్చున్నాడు. "లేపుతారని సెప్పినా కదమా," అన్నాడు.

జయలక్ష్మమ్మ చేతిలోని చెప్పును అటూ ఇటూ తిప్పి చూసింది. "సెప్పినావులే," అంది. "ఆ పొద్దు ఆడ ఇట్లాంటోళ్లు ఒకరన్నా లేకపోయిరి."

ఆ రోజు ఇంకెవరికీ గీత కూడా పడలేదు. ఆస్పత్రిలో కాలికి కట్టు వేసేముందు ప్రమాదానికి కారణం ఏమిటని అడిగారు. యల్లప్ప తల వంచుకుని, భద్రతా ఏర్పాట్లు అని రాయించాడు.