రాజుగారు ముందే ముగించారు

ఆ ఉదయం గొట్‌హార్ట్ ప్రైసింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి రాజుగారి సంగీతశాలలో, తన కాబోయే అల్లుడు ఫిక్నర్ కొత్తగా రాసిన సంగీతం రాజుగారితో సహా నలుగురు, రెండు వయొలిన్లూ, కాస్త పెద్దదైన వయోలా, అన్నిటికన్నా పెద్దదైన చెల్లో పట్టి కలిసి వాయించాలి. రాజుగారు మెచ్చి అతనికి ఆస్థాన స్వరకర్త కొలువు ఇవ్వాలి. ఆదివారం చర్చిలో కూతురు ఒటీలి పెళ్ళి చాటించాలి. కొలువు లేని అల్లుడు వద్దని ప్రైసింగ్ భార్య తెగేసి చెప్పింది మరి.

మెట్లెక్కుతూ ఫిక్నర్‌కి మళ్ళీ నూరిపోశాడు.

"చూడు నాయనా, చెల్లో వాయించేది రాజుగారు. ఆయన ఎక్కడుంటే మనమూ అక్కడే. ఆయన దారి తప్పితే మనమూ తప్పాలి."

"రాసింది నేనండీ."

"రాస్తే రాశావులే. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ రెండో వయొలిన్ వాయిస్తున్నాను. ఒక్కరోజైనా సరిగ్గా వాయించలేదు. అందుకే ఇంకా ఉన్నాను."

మొదటి మూడు భాగాలూ గండం లేకుండా గడిచాయి. నాలుగోది మొదలైంది. పొద్దున రాజుగారు తేనె రాసిన రొట్టె తింటూ ఆ కాగితాలు తిరగేశారు కాబోలు, రెండు పేజీలు అంటుకుపోయి ఒకేసారి తిరిగాయి. ఆయన అదేమీ గమనించకుండా ముందుకు సాగిపోయారు.

ప్రైసింగ్ వెంటనే తనూ గెంతాడు. వయోలా వాయించే రాజవైద్యుడు కంగారులో ఇంకో పేజీ ఎక్కువే గెంతాడు. మొదటి వయొలిన్ పట్టిన ఫిక్నర్ మాత్రం తన చోటు వదల్లేదు. ప్రైసింగ్ బూటుతో అతని కాలు తొక్కాడు. మెల్లగా వాయించమంటున్నాడనుకుని ఫిక్నర్ మెల్లగా వాయించాడు. వయొలిన్ తగ్గింది కనక ఇది తన ఘట్టమేననుకుని రాజుగారు కమాను అదిమి గట్టిగా లాగారు. ఆ మోతకి వైద్యుడు తానెక్కడున్నాడో మరిచిపోయి ఒకే స్వరం పట్టుకుని వేలాడాడు.

రాజుగారు ముగించి కమాను దించారు. ఆయన దించితే అందరూ దించాలి, అది ఆ ఆస్థానపు ఆచారం. ప్రైసింగ్ దించాడు. వైద్యుడు హమ్మయ్య అని దించాడు. ఫిక్నర్ కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు, ఒక్కడే, నాలుగు నిమిషాలు. ప్రైసింగ్‌కి ఒటీలి గుర్తొచ్చింది. పాపం ఆ పిల్ల తెల్లారకముందే లేచి అతని కోటు ఇస్త్రీ చేసింది, ఇంటికెళ్ళి ఏమని చెప్పడం?

చివరికి వయొలిన్ ఆగింది.

"ప్రైసింగ్," అన్నారు రాజుగారు, "నేను ముగించాక కూడా ఇంకా ఉందే?"

"కుర్రవాడు ప్రభూ, తెలియక..."

"ఎప్పుడూ అందరం కలిసే ముగిస్తాం కదా, నాకు తాళం బాగా వచ్చనుకున్నాను. ఇన్నేళ్ళూ మీరంతా నా వెనక పరిగెత్తుతున్నారా?"

ప్రైసింగ్ తన బూట్ల వైపు చూశాడు. రాజుగారికి అది చాలింది. ముఖం ఎర్రబడి, కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చారు.

"కొలువు ఇతనిదే. నన్ను మోసం చెయ్యనివాడు ఒక్కడైనా ఉండాలి. రేపటినుంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చి, మధ్యాహ్నం భోజనం దాకా నాకు తాళం నేర్పుతాడు."

ఆదివారం పెళ్ళి చాటించారు. ఫిక్నర్ పదకొండేళ్ళు ఆస్థాన స్వరకర్తగా ఉండి, ఒకే ఒక్క రచన పూర్తిచేశాడు. అందులో చెల్లో లేదు.