మంత్రిని కదపడానికి డైరెక్టరుగారి అనుమతి

మనిషి గట్టిగా తలుచుకుంటే ఏ విద్యనైనా ఇట్టే నేర్చుకుని ఆరితేరినవాళ్ళను ఓడించగలడని మా డైరెక్టరుగారు ఒక సమీక్షా సమావేశంలో తీర్మానించారు. ఆ వెంటనే మా నీటి సరఫరా కార్యాలయం చేయవలసిన పనుల పట్టిక వచ్చింది. పగిలిన పెద్ద పైపు మార్చాలి. మీటర్ల గది కప్పు కారకుండా చూడాలి (కుళాయిలో రాని నీళ్ళు కప్పులోంచి రావడం శాఖకు గౌరవం కాదు). కుళాయి తిప్పితే గాలి వస్తోందన్న ఫిర్యాదులకు జవాబు చెప్పాలి. చదరంగంలో ఓనమాలు రాని ఉద్యోగి ఒకరు ఒక నిపుణుణ్ణి ఓడించాలి. మొదటి మూడింటికీ సామగ్రి లేదు కనుక నాలుగోదాన్ని యుద్ధప్రాతిపదికన మొదలుపెట్టాం.

ఎవరో ఒకాయన కొద్దిరోజుల్లో చదరంగం నేర్చుకుని పేరుమోసిన ఆటగాడితో తలపడ్డ వీడియోను డైరెక్టరుగారు ప్రయాణంలో చూశారట. ఆయన గెలిచాడో ఓడాడో తేలేలోపు ఫోనులో చార్జింగు అయిపోయింది. కనుక మిగతాది డైరెక్టరుగారే నిర్ణయించారు.

పోటీకి అర్హత ఒక్కటే, ఏమీ రాకపోవడం. ఈ విషయంలో మా ఆఫీసులో అనుభవజ్ఞులకు కొదవ లేదు. చాలామంది సీనియర్లు ముందుకొచ్చారు. చివరికి ఫిర్యాదుల కౌంటరు అక్కను ఎంపిక చేశారు. ఆవిడ మాత్రమే, గెలిస్తే ఏమిస్తారని అడిగింది.

అడగడానికి కారణం ఉంది. అక్క భర్త, కూతురు వేరే ఊళ్ళో ఉంటారు. బస్సులో సగం రోజు ప్రయాణం. ఆ ఊరికి బదిలీ కోసం అక్క పెట్టిన దరఖాస్తులు మా ఆఫీసులో అందరికీ చుట్టాల్లా తెలుసు. పాప రెండో తరగతి. వారాల పేర్లు రాయమంటే శనివారం దాకా సరిగ్గా రాసి, ఆదివారం దగ్గర ‘అమ్మ’ అని రాసిందట. టీచరు ఒక మార్కు తగ్గించింది.

"గెలిచి రండమ్మా," అన్నారు డైరెక్టరుగారు. "ఆ రోజే బదిలీ ఉత్తర్వు మీ చేతిలో పెడతాను." అని క్యాంపుకు వెళ్ళిపోయారు.

శిక్షకుడిగా నన్ను వేశారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కావడంతో, ఫ్యాను తిరక్కపోయినా, మేనమామకు మోకాలు పట్టేసినా నన్నే పిలుస్తారు. ఆఫీసు కూడా అదే తర్కాన్ని అనుసరించింది. నేను ముందు రోజు చదివి, మర్నాడు భోజనాల వేళ చెప్పేలా ఏర్పాటు చేసుకున్నాం. మొదటి పాఠం బంటు.

"ఇది ముందుకే వెళ్తుందక్కా. వెనక్కి రాదు."

"అయితే నా దరఖాస్తు కంటే నయం. అది వెనక్కి రావడం తప్ప ఎరగదు."

"అవతలి చివరిదాకా వెళ్తే మంత్రి అయిపోతుంది."

అక్క ముద్ద కలపడం ఆపింది. "పరీక్ష రాయకుండానా?"

"రాయకుండానే."

"సీనియారిటీ?"

"చూడరు."

పక్క బల్ల దగ్గర పెరుగన్నం తింటున్న సూపరింటెండెంటుగారు ఇది విన్నారు. బంటుకు నేరుగా మంత్రి పదవి ఇవ్వడం పదోన్నతి నిబంధనలకు విరుద్ధమని ఆయనకు తోచింది. పై కార్యాలయాన్ని వివరణ కోరుతూ రాసి, జవాబు వచ్చేవరకు పాఠాలు ఆపమన్నారు. జవాబు రాలేదు. ఆ విధంగా అక్క చదరంగ విద్య బంటుతో సంపూర్ణమైంది.

పోటీ రోజు నిపుణుడు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. కళ్ళు మూసుకుని కూడా ఆడగలరని పేరు. అక్క కళ్ళు వాచేలా రాత్రంతా ఏడ్చి వచ్చిందని ఆవిడను చూస్తే తెలుస్తోంది. "తమ్ముడూ, పరువు పోతే పోయింది, పాపకు చెప్పేశానురా వచ్చేస్తున్నానని," అంది నాతో.

ఆట మొదలయ్యేముందు సూపరింటెండెంటుగారు నిబంధనలు చదివారు. ఆఫీసు బల్ల మీద ఏ వస్తువు చోటు మారాలన్నా నోటు పెట్టి అనుమతి తీసుకోవాలి. బంటు కదలికకు తన సంతకం చాలు. గుర్రం తోటివారి తలల మీదుగా దూకుతుంది కనుక పరిపాలన విభాగం అభ్యంతరం లేదని చెప్పాలి. మంత్రి ఎంత దూరమైనా పోయి పరాయి పరిధిలో తేలే అవకాశం ఉంది కనుక స్వయంగా డైరెక్టరుగారు సంతకం చేయాలి. సాయంత్రం ఆఫీసు మూసే వేళకు ఎవరి ఎత్తు పెండింగులో ఉంటే వారు ఓడినట్టు.

అక్క మొదటి ఎత్తుగా రాజు పక్కనున్న ఒక బంటును ఒక గడి జరిపింది. సంతకమైంది. మాస్టారు కూడా ఒక బంటును జరిపారు. సంతకమైంది. అక్క ఆ పక్క బంటును రెండు గళ్ళు తోసింది. మాస్టారు మొహం జాలితో నిండిపోయింది. ఆ రెండు బంట్లూ కదలడంతో రాజుగారింటి తలుపు బార్లా తెరుచుకుంది. మంత్రి ఒక్క ఎత్తు వేస్తే చాలు, ఆట కట్టు.

"ఏమనుకోకు తల్లీ," అంటూ మాస్టారు మంత్రి మీద వేలు పెట్టారు.

"నోటు," అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఇంకెక్కడి నోటయ్యా? ఆట అయిపోయిందిగా."

"అయిపోవడానికీ అనుమతి ఉండాలి మాస్టారూ. డైరెక్టరుగారు క్యాంపులో ఉన్నారు."

"పోనీ బంటు జరుపుతాను."

"ముట్టుకున్నదాన్నే కదపాలని మీ ఆట నిబంధనే చెబుతోంది కదండీ."

మాస్టారు మధ్యాహ్నం టీ ఎడమ చేత్తో తాగారు. కుడిచేతి వేలు మంత్రి మీదే ఉంది. ఆఫీసు మూసే వేళకు డైరెక్టరుగారి దగ్గరనుంచి, ‘మంత్రి వెళ్ళకపోతే వచ్చే నష్టమేమిటో తెలుపగలరు’ అని జవాబు వచ్చింది. అక్క గెలిచినట్టు ప్రకటించారు. ఓనమాలు రానివారు నిపుణుల్ని ఓడించగలరన్నది ఆ విధంగా రుజువైంది.

మర్నాడు అక్కకు శాలువా కప్పారు. దానితోపాటు ఒక ఉత్తర్వు ఇచ్చారు. నిపుణుణ్ణి ఓడించినవారు నిపుణులే అవుతారు. నిపుణులు కీలక సిబ్బంది. కీలక సిబ్బందిని బదిలీ చేయరాదు. మరో కొత్తవారు వచ్చి ఓడించిన నాడు మాత్రమే అక్కకు విముక్తి. కావాలని ఓడిపోతే క్రమశిక్షణ చర్య తప్పదు.

అక్క ఆ రోజు కౌంటరులో కూర్చుని గాలి ఫిర్యాదులన్నిటికీ ఒకే జవాబు ఇచ్చింది. "మాకూ అంతేనండీ."

సాయంత్రానికి తేరుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, కావాలని ఓడిపోకూడదు, అంతేగా? ముందో బంటు జరిపి, తర్వాత మంత్రి మీద వేలు పెట్టి కూర్చుంటాను. అది ఓడిపోవడం కాదు, అనుమతి కోసం చూడటం."

సరిగ్గా సరిపోయే ఉపాయం. ఒక్కటే చిక్కు, మొదటి ఎత్తు పోటీకి వచ్చినవారిది. వచ్చింది మా మీటర్ రీడరు. వాడు శ్రద్ధగలవాడు, ఫోనులో యాప్ పెట్టుకుని వారంలో అంతా నేర్చేసుకున్నాడు.

"బాబ్బాబు, బంటు కదపరా. నీకు పుణ్యముంటుంది," అని బతిమాలింది అక్క.

"బంట్లు పిల్లలాట అక్కా. నా తడాఖా చూడు," అని వాడు మొదటి ఎత్తుకే గుర్రం తీశాడు. తోటివారి తలల మీదుగా దూకడం సీనియారిటీని ఉల్లంఘించడమేనని పరిపాలన విభాగం అభ్యంతరం పెట్టింది. సాయంత్రమైంది. అక్క మళ్ళీ గెలిచింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా కష్టపడి నేర్చుకునే వచ్చారు. అక్క అందరినీ ఓడించింది. ఇప్పుడు ఆవిడ మా శాఖలో తిరుగులేని క్రీడాకారిణి.

వాళ్ళ పాప, తనే వచ్చి అమ్మను ఓడిస్తానని పెన్సిలుతో ఉత్తరం రాసింది. దానికి మా కార్యాలయం ఎన్నడూ లేనంత త్వరగా జవాబిచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండాక దరఖాస్తు చేసుకోవచ్చు, అంతవరకు అభ్యర్థి తల్లి ఇక్కడే అందుబాటులో ఉంటారు అని.

కనుక పాఠకులకు నా మనవి. మీలో చదరంగం బొత్తిగా రానివారు ఎవరైనా ఉంటే ఫిర్యాదుల కౌంటరు అక్కను గుర్తుపెట్టుకోండి, దయచేసి ఏమీ నేర్చుకోకుండా రండి.